కుర్చీ పల్లెకు, పద్దు ఊరికి

కోస్తా జిల్లాల్లో పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. ఊరు అంటే మిగతా కులాల ఇళ్లున్న చోటు. తెలంగాణలో ఇదే ఊరు, వాడ. పేరేదైనా మధ్యలో ఒక డొంకో, వాగో, నాలుగు చేల గట్లో అడ్డం ఉంటాయి. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం రెండూ కలిపి ఒకటే గ్రామం, ఒకటే పంచాయతీ. అధికార వికేంద్రీకరణ గురించి మన మేధావులు రాసేదంతా ఈ కాగితం మీది గ్రామం గురించే. ఢిల్లీ నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి గ్రామానికి అధికారం దిగిరావాలంటారు. దీన్ని కాదనేవాడు ఎవడూ లేడు. దిగొచ్చిన అధికారం డొంకకు ఏ పక్కన ఆగుతుందో మాత్రం చెప్పరు.

అధికారం అనేదానికి రెండు రూపాలున్నాయి. ఒకటి కుర్చీ. అందరికీ కనపడుతుంది, ఫొటోల్లో పడుతుంది. రెండోది పద్దు. డబ్బు ఎంత వచ్చింది, ఏ పనికి పోయింది, ఎవరి సంతకంతో పోయింది అన్నది. మన దగ్గర స్థానిక పాలన చరిత్రను కుర్చీల చరిత్రగానే రాశారు. పద్దు చరిత్రగా చదివితే ఇంకో కథ కనపడుతుంది. దళితులకు కుర్చీ దగ్గరపడ్డ ప్రతిసారీ పద్దు ఆ కుర్చీ కిందినుంచి జారి వేరే దారి పట్టింది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. దీన్ని చూసే చూపు మనకు అంబేద్కర్ దగ్గరే దొరుకుతుంది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఆయన గ్రామాన్ని సంకుచితానికి, అజ్ఞానానికి నిలయమని తిట్టిన సంగతి మన సభల్లో అందరికీ తెలుసు. దాన్ని పట్టుకుని గాంధేయవాదులు, వాళ్ల వెనక కొందరు కమ్యూనిస్టు మిత్రులు కూడా, అంబేద్కర్ వికేంద్రీకరణకు వ్యతిరేకి, బలమైన కేంద్రాన్ని కోరినవాడు అని తేల్చేస్తారు. మరి ఆయన కొలంబియా యూనివర్సిటీలో డాక్టరేట్ దేనిమీద చేశారు? 1833 నుంచి 1921 వరకు బ్రిటిష్ ఇండియాలో కేంద్ర ఖజానాకూ రాష్ట్రాల ఖజానాలకూ మధ్య సంబంధం ఎలా మారిందన్న దానిమీద. 1925లో అది లండన్‌లో పుస్తకంగా వచ్చింది. మనవాళ్లలో దాన్ని చదివినవాళ్లు తక్కువ. కులం గురించి ఆయన రాసింది చేతికి తీసుకున్నంత తేలిగ్గా ఈ పట్టికల పుస్తకాన్ని తీసుకోం. నేను ఎకనామిక్స్ చదివినవాణ్ని కాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే కాబట్టి అడిగి తెలుసుకునే దిక్కూ లేదు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక నెలంతా దానిమీదే కూర్చున్నాను. కూర్చున్నందుకు ఫలితం దక్కింది.

ఆ పుస్తకం చెప్పేది ఇదీ. 1870 డిసెంబరులో మేయో ప్రభుత్వం ఒక తీర్మానం చేసింది. జైళ్లు, రిజిస్ట్రేషన్, పోలీసు, చదువు, వైద్యం, రోడ్లు లాంటి శాఖల్ని రాష్ట్రాలకు అప్పజెప్పింది. వాటికింద ఇంత అని ఒక మొత్తం కట్టి ఇచ్చింది, అదీ అంతకుముందు పెడుతున్నదానికన్నా కోసి. తక్కువైతే మీరే చూసుకోండి అంది. 1877 నుంచి కొన్ని ఆదాయాల్ని రాష్ట్రాలకు వదిలారు. 1882 నుంచి ఆదాయంలో వాటా ఇచ్చారు. ఈ మూడు దశల్నీ అంబేద్కర్ లెక్కలతో సహా విడదీసి చూపించారు. పైకి ఇదంతా వికేంద్రీకరణే. కానీ సొంతంగా పన్ను వేసే హక్కు రాష్ట్రాలకు చట్టం ఇవ్వలేదు, అప్పు చేసే హక్కూ ఇవ్వలేదు. పైవాడు ఇచ్చినదాన్ని పైవాడు ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు. ఖర్చు బాధ్యత కిందికి దిగింది, హక్కు దిగలేదు.

అంబేద్కర్‌ను పూర్తిగా చదివితే రెండు పరీక్షలు చేతికొస్తాయి. డాక్టరేట్ పుస్తకం నుంచి ఒకటి: పనితోపాటు హక్కుగా డబ్బు వచ్చిందా, దయగా వచ్చిందా? గ్రామం గురించిన మాటల నుంచి రెండోది: కింద దాన్ని అందుకునేది ఎవరు? రెండో పరీక్ష 1948లో హఠాత్తుగా పుట్టింది కాదు. 1932 అక్టోబరులో బొంబాయి శాసన మండలిలో గ్రామ పంచాయతీల బిల్లు చర్చకొచ్చినప్పుడే ఆయన అడ్డం నిలబడ్డారు. అంటరానివాళ్లకు ప్రత్యేక ప్రాతినిధ్యం లేని పంచాయతీని ఒప్పుకోనన్నారు. కులంతో కుళ్లిన ఊరి చేతికి తీర్పు చెప్పే అధికారం ఇవ్వొద్దన్నారు. 1947లో రాసిన రాష్ట్రాలు-మైనారిటీల ప్రణాళికలో శాసనసభల్లోనే కాదు, మునిసిపాలిటీల్లో, లోకల్ బోర్డుల్లో కూడా షెడ్యూల్డు కులాలకు వాటా ఉండాలని రాశారు. అక్కడితో ఆగకుండా దళితులకు వేరే గ్రామాలు కట్టాలన్నారు. దీన్ని ఆవేశంగా తీసి పారేసేవాళ్లున్నారు. పద్దు చేతికి రావాలంటే ఊరే వేరే కావాలన్న లెక్క అందులో ఉందని నాకనిపిస్తుంది.

ఇక మన మద్రాసు రాష్ట్రానికి వద్దాం. మేయో కోసిన కోత ఇక్కడ 1871 లోకల్ ఫండ్స్ చట్టంగా తేలింది. రోడ్లకు, బళ్లకు, ఆస్పత్రులకు భూమి మీద సెస్సు వేశారు. 1882 మే 18న రిప్పన్ తీర్మానం వచ్చింది. దాన్నే స్థానిక స్వపరిపాలనకు పుట్టినరోజుగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, కింద యూనియన్ పంచాయతీ. యూనియన్లలో గ్రామ మునసబులు హోదా రీత్యా సభ్యులు. రిప్పన్ దొర పంపిన స్వపరిపాలన ఊళ్లోకి వచ్చేసరికి మునసబు అరుగు మీద కూర్చుంది. బోర్డుల్లో కూర్చున్నదీ జమీందార్లు, ప్లీడర్లు, పెద్ద రైతులే.

సెస్సు కట్టింది ఆ రైతులే కదా అనొచ్చు. పొలంలో దిగి ఆ సెస్సును పండించింది ఎవరో ఏ రిజిస్టర్లోనూ లేదు. ఆ డబ్బుతో వేసిన రోడ్డు మీద నడవడానికి, తవ్విన బావిలో చేద వెయ్యడానికి పల్లెకు హక్కు లేదు. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసన మండలిలో తీర్మానం పెట్టి, ప్రజల సొమ్ముతో ఉన్న దారులు, బావులు అందరివీ అని ఒప్పించాల్సి వచ్చింది. లోకల్ ఫండ్ మొదలై అప్పటికి యాభై ఏళ్లు దాటింది. తీర్మానం తర్వాత కూడా ఎన్ని బావులు తెరుచుకున్నాయో మన తాతల్ని అడిగితే చెప్పేవాళ్లు.

అయితే దళితులు ఆ యంత్రాంగంలో లేరనుకుంటే పొరపాటు. ఉన్నారు, అట్టడుగున. మునసబు, కరణం కింద తలారి, వెట్టి, నీరుగట్టు. 1895 గ్రామోద్యోగాల చట్టం ఈ కొలువుల్ని తండ్రి నుంచి కొడుక్కి దిగేవిగా ఖాయం చేసింది. కరణం కొడుకు కరణం, వెట్టివాడి కొడుకు వెట్టివాడు. తాలూకా కచేరీ కబురు ఊరికి మోసింది మనవాళ్లు. వచ్చిన అధికారికి కట్టెలు కొట్టింది మనవాళ్లు. శిస్తు వసూలైతే ఆ సొమ్ము మూటకు కాపలాగా తాలూకా ఖజానా దాకా నడిచిందీ మనవాళ్లే. మూట మోసినవాడికి అందులో ఎంతుందో తెలియదు. లెక్క కరణం కవిలెకట్టలో ఉంది. వీడికి దక్కేది కళ్లంలో మేర, లేదంటే సెంటు చెక్క ఇనాం. కరణం, మునసబు ఉద్యోగాల్ని ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో ఆర్డినెన్సుతో రద్దు చేసేదాకా, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ముప్పై ఆరేళ్ల దాకా, ఊరి లెక్క ఆ ఇళ్లలోనే ఉండిపోయింది. రామారావు చేసిన పనుల్లో పల్లెకు నిజంగా ఊపిరి పోసినవాటిలో ఇదొకటని ఒప్పుకోవాలి. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా.

రాజ్యాంగంలో మొదట పంచాయతీ ఊసే లేదు. గాంధేయవాదులు గోల చేశాక 1948 నవంబరులో కె. సంతానం సవరణతో 40వ అధికరణం చేరింది. అదీ ఆదేశిక సూత్రాల్లో, కోర్టుకు పోవడానికి వీల్లేని చోట. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల పద్ధతి చెప్పింది. 1959లో రాజస్థాన్ మొదలుపెడితే వెంటనే ఆంధ్రప్రదేశ్ అందుకుంది. దీన్ని మన రాష్ట్రం గొప్పగా చెప్పుకుంటారు. ఎందుకంత తొందర పడ్డారో కూడా చెప్పాలి. పంచాయతీ సమితి చేతిలోకి ఎరువులు, విత్తనాలు, తక్కావీ అప్పులు, ప్రాథమిక బళ్లు వచ్చాయి. టీచరు బదిలీ కావాలంటే సమితి ప్రెసిడెంటు గుమ్మం ముందు నిలబడాలి. ఆ ప్రెసిడెంటు కోస్తాలో ఎక్కువగా కమ్మ, తెలంగాణ, రాయలసీమల్లో ఎక్కువగా రెడ్డి. ఆ తర్వాతి ముప్పై ఏళ్ల ఎమ్మెల్యేలు, మంత్రులు తయారైన బడి అదే. దళితుడికి ఇచ్చింది కో-ఆప్షన్ సభ్యత్వం. ఎన్నుకోవడం కాదు, పెద్దలు మెచ్చి చేర్చుకోవడం. వాళ్లకు నచ్చినవాణ్ని పిలిచి చివర బల్ల మీద కూర్చోబెట్టారు. ఎన్నికలైనా సకాలంలో పెట్టారా? 1970లో జరిగిన పంచాయతీ ఎన్నికలు మళ్లీ 1981లో గానీ జరగలేదు.

1986లో సమితులు తీసేసి మండలాలు పెట్టారు. మూడొందల పైచిలుకు సమితుల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. అధ్యక్ష పదవుల్లోనే రిజర్వేషన్ వచ్చింది. కుర్చీ మొదటిసారి పల్లె వైపు కదిలింది ఇక్కడ. ఇది ఎవరి దానమూ కాదు. అంతకు ఏడాది ముందు, 1985 జూలై 17న కారంచేడు జరిగింది. మాదిగలు తాగే నీళ్ల చెరువును ఎవరు ఎలా వాడతారన్న దగ్గర మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. తాగునీళ్లు ఏ చట్టం చూసినా పంచాయతీ మొదటి బాధ్యత. ఆ ఒక్క బాధ్యతను పల్లె తనకూ ఉందని గుర్తుచేసినందుకు పడిన శిక్ష అది. చీరాల శిబిరంలోంచి దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. కుర్చీలో వాటా గురించి ప్రభుత్వాలు ఆలోచించడం మొదలుపెట్టింది ఈ రక్తం ఆరకముందే.

1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. దీన్ని మనవాళ్లు చాలామంది పండగ చేసుకున్నారు, చేసుకోవాల్సిందే. ఇప్పుడు ఆ సవరణను కళ్లద్దాలు పెట్టుకుని చదవండి. 243-డి అధికరణం షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి సీట్లు కేటాయించి తీరాలంటుంది. అధ్యక్ష పదవులకు కూడా అదే లెక్క. మూడోవంతు ఆడవాళ్లకు. ఇందులో రాష్ట్రం తప్పించుకోవడానికి లేదు. ఇక 243-జి: పంచాయతీలకు ఏ అధికారాలు ఇవ్వాలో శాసనసభ చట్టం చేసి ఇవ్వవచ్చు. 243-హెచ్: పన్నులు వేసే అధికారం ఇవ్వవచ్చు. పదకొండో షెడ్యూలులో రాసిన 29 విషయాలూ ఈ ఇవ్వవచ్చు కింది సరుకే. రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని అయిదేళ్లకోసారి వెయ్యాల్సిందే, కానీ అది చెప్పింది పాటించాలని ఎక్కడా లేదు. కుర్చీ దగ్గర తీరాలి, పద్దు దగ్గర ఇవ్వవచ్చు. అంబేద్కర్ 1871 గురించి చెప్పిన మాట నూటపాతికేళ్ల తర్వాత ఒకే సవరణలో రెండు క్రియాపదాల మధ్య ఇరుక్కుని ఉంది.

ఆ ఉత్త కుర్చీని కూడా ఇవ్వడానికి ఊరు ఒప్పుకోలేదు. ఇదే సవరణ కింద తమిళనాడులో 1996లో ఎన్నికలు పెట్టారు. మదురై జిల్లా మేలవళవు రిజర్వు అయింది. అధ్యక్షుడిగా గెలిచిన మురుగేశన్‌ను, ఆయనతోపాటు మరో అయిదుగురిని 1997 జూన్ 30న బస్సు ఆపి నరికి చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి లాంటి ఊళ్లలో 2006 దాకా ఆ పదవిలో దళితుడు నిలదొక్కుకోకుండా చేశారు. చెరువుల మీద చేపల వేలం, ఊరి ఉమ్మడి ఆస్తుల రాబడి పంచాయతీ చేతిలో ఉంటాయి. పరువు ఒక్కటే కారణం అనుకోవడానికి లేదు.

మన దగ్గర అంత బహిరంగంగా జరగలేదు. ఇక్కడ పద్ధతి వేరు, మెత్తటిది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995లో ఎన్నికలయ్యాయి. వేల మంది దళిత సర్పంచులు వచ్చారు. సరిగ్గా అప్పుడే డబ్బు పంచాయతీ చుట్టూ తిరిగి పోవడం మొదలైంది. 1993 డిసెంబరులోనే ఎంపీలకు నియోజకవర్గ నిధి పెట్టారు. బోరు, కల్వర్టు, కమ్యూనిటీ హాలు, అంటే పంచాయతీ చేయాల్సిన పనులే, ఎంపీ చేతి మీదుగా. 1997 జనవరిలో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం జన్మభూమి తెచ్చింది. నోడల్ అధికారి వచ్చి సభ పెడతాడు, సర్పంచ్ పక్కన కూర్చుంటాడు. ఆ ఏడాదే సాగునీటి యాజమాన్య చట్టం వచ్చింది. పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు, కాలవ మరమ్మతుల డబ్బు వాటికి ఇచ్చారు. ప్రపంచ బ్యాంకు మెచ్చుకుంది. ఓటు ఎవరికి? ఆయకట్టులో భూమి ఉన్నవాడికి. కూలివాడు నీటి వాడకందారు కాదట! రిజర్వేషన్ లేదు, ఎందుకంటే అది పంచాయతీ కాదు, సంఘం. బడికి ఒక కమిటీ, అడవికి ఒక సమితి. ఒక్కో పని విడిపోయింది. అయిదేళ్లు తిరక్కముందే దళిత సర్పంచ్ చేతిలో వీధి లైటు, చెత్త, జనన మరణాల రిజిస్టరు మిగిలాయి. దీన్ని కూడా వికేంద్రీకరణ అనే పిలిచారు. కుట్ర అని నేననను. అయితే ఊళ్లో భూమున్న కులాలకు దీనివల్ల ఇబ్బంది ఏమీ కలగలేదు.

డబ్బు అసలు రాలేదా అంటే, వచ్చింది. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి 2020 వరకు గ్రామ పంచాయతీలకు రెండు లక్షల కోట్ల పైగా సిఫారసు చేసింది. మధ్యలో ఎవరూ ఆగకుండా నేరుగా గ్రామానికే అంది. అంత డబ్బు పంచాయతీ గడప దాకా రావడం అదే మొదలు. అప్పుడు పోట్లాట సంతకం దగ్గరికి మారింది. తెలంగాణలో 2018 కొత్త చట్టం కింద 2019 జనవరిలో సర్పంచులు గెలిచారు. జూన్‌కల్లా చెక్కు మీద సర్పంచ్‌తోపాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలన్నారు. సర్పంచ్ పదవికి రిజర్వేషన్ ఉంది. ఉపసర్పంచ్ పదవికి లేదు, వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. రిజర్వుడు పంచాయతీల్లో ఆ పదవి ఎవరికి పోతుందో ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దళితురాలు గెలిచిన చోట ఆమె సంతకానికి పక్కన ఆసామి సంతకం లేకపోతే చెక్కు పాసవదు. జవాబుదారీతనం కోసం అన్నారు. జనరల్ సీట్లో రెడ్డి సర్పంచ్‌కు జవాబుదారీగా దళితుడు ఉపసర్పంచ్ ఉండాలని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

సంతకం దొరికినా బిల్లు రావాలి. పంచాయతీ పనుల్లో రివాజు ఏమిటంటే ముందు పని చేయించాలి, తర్వాత ఇంజినీరు కొలతల పుస్తకం రాస్తాడు, ఆ తర్వాత బిల్లు. అంటే ముందు జేబులోంచి పెట్టగలవాడే పని చేయగలడు. రోజుకూలి చేసుకుంటూ గెలిచిన సర్పంచ్‌కు జేబెక్కడిది? అప్పు చెయ్యాలి. ఊళ్లో అప్పిచ్చేది ఎవరు? ఆ పెద్ద రైతే, లేకపోతే కంట్రాక్టరు చేసే వాళ్ల బావమరిదే. మూడు రూపాయల వడ్డీకి సర్పంచ్ కుర్చీ తాకట్టు పడిపోతుంది. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిశాక తెలంగాణలో మాజీ సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కారు. అన్ని కులాలవాళ్లూ అందులో ఉన్నారు. భూమి ఉన్నవాడు ఒక ఎకరం అమ్మి బయటపడతాడు. మనవాడికి అమ్మడానికి ఏముంది?

ఆంధ్రలో 2021లో ఇంకోటి జరిగింది. ఆర్థిక సంఘం డబ్బును పాత కరెంటు బాకీల కింద పట్టేసుకున్నారు. ఖాతాలో పడ్డట్టే పడి మాయమైందని సర్పంచులు గోల పెట్టారు. అదే ఏడాది ఎన్నికలకు ముందు, పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే ఊరి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఏకగ్రీవం అంటే వినడానికి బాగానే ఉంటుంది. రిజర్వుడు ఊళ్లో ఏకగ్రీవం ఎలా జరుగుతుంది? రామాలయం అరుగు మీద పెద్దలు కూర్చుని, పల్లెలో మాట వినేవాణ్ని ఒకణ్ని చూసి, మిగతావాళ్లను నామినేషన్ వెయ్యొద్దంటారు. వేస్తే పని ఇవ్వరు, గడ్డి కోసుకోనివ్వరు. ఓటు అనే ఒక్క అవకాశాన్ని వదులుకున్నందుకు ప్రభుత్వమే బహుమతి ఇస్తోంది.

ఎన్నికలు పెట్టకపోవడం కూడా పాత అలవాటే. ఆంధ్రలో 2018 ఆగస్టులో పదవీకాలం ముగిస్తే 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మళ్లీ ప్రత్యేకాధికారులే వచ్చారు. ప్రత్యేకాధికారికి రిజర్వేషన్ రొటేషన్ లేదు. పైగా పాలకవర్గం లేకపోతే కేంద్రం గ్రాంటు ఆగిపోతుంది. పల్లెకు రావాల్సిన కుళాయి రెండేళ్లు వెనక్కు పోతుంది. ఊళ్లో బోరున్న ఇళ్లకు ఆ తేడా తెలియదు.

దళిత సర్పంచులు చేతకానివాళ్లనీ, వెనక పెత్తందార్లు ఆడించే బొమ్మలనీ ఎంతసేపూ రాస్తుంటారు. పరిశోధనా వ్యాసాల్లో కూడా అదే. బొమ్మ అనేముందు చెక్కు బుక్కు ఎవరి బీరువాలో ఉందో చూడాలి. కరీంనగర్‌లోనో ప్రకాశంలోనో పద్దు చేతికొచ్చిన అయిదేళ్లలో పల్లెకు సిమెంటు రోడ్డు వేసుకున్నవాళ్లు, ఊరి ట్యాంకు నుంచి పైపు లాగినవాళ్లు ఉన్నారు. వాళ్లమీద ఎవరూ పీహెచ్‌డీ చెయ్యలేదు.

ఇది కుర్చీల చరిత్ర కానందువల్ల దీనికి ఆధారాలు కూడా వేరేచోట ఉన్నాయి. ప్రతి పంచాయతీలో క్యాష్ బుక్ ఉంటుంది, తీర్మానాల పుస్తకం ఉంటుంది, కొలతల పుస్తకం ఇంజినీరు దగ్గర ఉంటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద వీటి నకళ్లు అడగొచ్చు. మీ ఊరు జనరల్‌గా ఉన్న అయిదేళ్లు, రిజర్వు అయిన అయిదేళ్లు పక్కపక్కన పెట్టండి. ఎంత వచ్చింది, ఏ వీధికి పోయింది, చెక్కు మీద ఎవరి సంతకాలున్నాయి, ఏ బిల్లు ఎన్నాళ్లు ఆగింది రాసుకోండి. ఒక్కో విద్యార్థి ఒక్కో ఊరు చేసినా ఒక మండలం లెక్క తేలుతుంది. మీరు పంపితే ఈ పత్రికలో అచ్చు వేద్దాం, ఊరి పేరుతో, అంకెలతో.